రోడ్లూ కావాలి, బస్సులూ కావాలి: తిరుపతివాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ట్రాఫిక్ గురించి ఎవరితో మాట్లాడినా మాట రెండు దారుల్లో పోతుంది. ఒకరు ఇంకో ఫ్లైఓవర్ కట్టాలంటారు, ఇంకొకరు బస్సులు పెంచమంటారు. ఈ రెండింటినీ కలిపి చక్కబెట్టుకున్న ఊళ్లు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. అవి ఏం చేశాయి, అందులో మనకు పనికొచ్చేది ఏది, పనికిరానిది ఏది అన్నదే ఈ పేజీ. ఊరి మీద ప్రేమతో రాసినది. తప్పో ఒప్పో తేల్చుకోవడానికి మీకు కావాల్సిన వివరాలన్నీ ఇవ్వడానికి ప్రయత్నించాను.

రోడ్లకు ఖర్చు పెడితే బస్సులకు మిగలదు, బస్సులకు పెడితే రోడ్లకు మిగలదు. రెండూ ఎలా కుదురుతాయి?

బస్సు నడిచేది రోడ్డు మీదే కదా. గుంతల రోడ్డు మీద బస్సు టైము తప్పుతుంది, టైర్లు త్వరగా అరుగుతాయి, డిపోలో రిపేరు ఖర్చు పెరుగుతుంది. కాబట్టి మంచి రోడ్డు బస్సుకూ మేలే. అటు నుంచి చూసినా అంతే. ఒక బస్సులో నలభై మంది కూర్చున్నారంటే, ముప్పై బైకులో పాతిక కార్లో ఆ పూట రోడ్డెక్కలేదని లెక్క. అంబులెన్సుకు, కూరగాయల లారీకి, కారులో తప్ప పోలేని పెద్దాయనకు ఆ మేరకు దారి మిగులుతుంది.

అసలు పోటీ డబ్బు దగ్గర కన్నా స్థలం దగ్గర ఎక్కువ. ఊరి మధ్యలో మామూలు ట్రాఫిక్‌లో ఒక లేన్‌లో కార్ల మీద గంటకు పోగలిగేది సుమారు 600 నుంచి 1,600 మంది. అదే లేన్‌ను బస్సులకు వదిలి, వెంటవెంటనే బస్సులు నడిపితే 4,000 నుంచి 8,000 మంది దాకా పోవచ్చు. తిలక్ రోడ్డునో గాంధీ రోడ్డునో మనం సాగదీయలేం, రెండు పక్కలా కొట్లు ఉన్నాయి. ఉన్న వెడల్పులోనే ఎంతమందిని దాటించగలం అన్నది మన చేతిలో ఉంది. కేంద్ర ప్రభుత్వం 2006లో తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా ఇదే చెప్పింది: రోడ్డు స్థలాన్ని వాహనాల లెక్కన కాకుండా మనుషుల లెక్కన పంచాలి.

అలా రెండూ బాగున్న ఊళ్లు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. అన్నిటికన్నా ముందు చెప్పుకోవాల్సింది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్. 1973లో అక్కడ భూగర్భ రైలు కడతామని ప్రతిపాదిస్తే ఓటర్లు వద్దన్నారు. నాలుగేళ్లకు, 1977లో, అదే ఓటర్లు ట్రామ్‌లకూ బస్సులకూ రోడ్డు మీద అడ్డు లేకుండా చేయడానికి 20 కోట్ల ఫ్రాంకులు ఖర్చు పెట్టడానికి ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో సొరంగాలు తవ్వలేదు. కూడళ్లు మార్చారు. ట్రామ్ దగ్గరికొచ్చిందని పసిగట్టి పచ్చ లైటు వేసే సిగ్నళ్లు పెట్టారు. ఊరి మధ్యలో కార్లు పట్టేటన్నే లోపలికి వదిలి, మిగిలినవాటిని శివారు సిగ్నళ్ల దగ్గర కాసేపు నిలబెడతారు. దాంతో లోపల రోడ్లు జామ్ కావు, కారు కూడా కదులుతుంది. చుట్టుపక్కల ఊళ్లను కలిపే ఎస్-బాన్ రైలు 1990లో మొదలైంది. ట్రామ్, బస్సు, రైలు, ఆఖరికి సరస్సులో పడవకు కూడా ఒకటే టికెట్. మంచి కారు కొనుక్కోగల స్తోమత ఉన్నవాళ్లు కూడా అక్కడ ట్రామ్‌లో కనబడతారు. కారణం, ట్రామ్ చెప్పిన నిమిషానికి వస్తుంది.

దక్షిణ కొరియా రాజధాని సియోల్ 2004 జులైలో ఒక్కసారిగా బస్సు రూట్లన్నీ మార్చింది. ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు పోయే బస్సులకు నీలం రంగు, పేటల నుంచి మెట్రో స్టేషన్లకు, పెద్ద రూట్లకు తెచ్చే బస్సులకు ఆకుపచ్చ, శివారు ఊళ్ల నుంచి వచ్చేవాటికి ఎరుపు. పెద్ద రోడ్ల నడిమధ్య బస్సులకు లేన్లు ఇచ్చారు. ఒక బస్సు దిగి ఇంకోటి ఎక్కితే మళ్లీ మొదటి నుంచి టికెట్ కొట్టకుండా, మొత్తం పోయిన దూరానికి లెక్క కట్టారు. దాదాపు అదే కాలంలో చంగ్యేచన్ వాగు మీద ఉన్న పెద్ద ఎలివేటెడ్ రోడ్డును పడగొట్టి, 2005లో వాగును మళ్లీ బయటికి తెచ్చారు. ఊరు ఆగిపోలేదు.

కార్ల ఊరుగా పేరున్న ఆస్ట్రేలియాలోని పెర్త్ ఇంకో రకం. అక్కడ ఫ్రీవేలు బాగా ఉన్నాయి, ఆ ఫ్రీవేల డివైడర్ స్థలంలోనే రైలు పట్టాలు వేశారు. ఉత్తరం వైపు లైను 1990ల మొదట్లో వస్తే, దక్షిణాన మాండురా దాకా సుమారు 70 కిలోమీటర్ల లైను 2007లో వచ్చింది. బస్సులు జనాన్ని తెచ్చి స్టేషన్లలో దించుతాయి. పెద్ద రోడ్డు వేసే రోజే రేపటి రైలుకో బస్సుకో చోటు ఉంచుకోవడం అనే ముందుచూపు మన బైపాసులకు చాలా అవసరం.

అవన్నీ డబ్బున్న దేశాలు. మనకెలా సాధ్యం?

బ్రెజిల్‌లోని కురిచిబా చూడండి. 1970లో దాని జనాభా ఆరు లక్షల చిల్లర. 2011 లెక్కల్లో తిరుపతి మున్సిపల్ జనాభా సుమారు 2.87 లక్షలు, చుట్టుపక్కల కలిసిపోయిన ప్రాంతాలతో 4.6 లక్షల దాకా. అప్పటి నుంచి మనం ఎంత పెరిగామో కళ్ల ముందే కనబడుతోంది. కాబట్టి ఆనాటి కురిచిబా మనకేమీ దూరపు చుట్టం కాదు. మెట్రోకు డబ్బు లేక 1974లో మేయర్ జైమీ లెర్నర్ హయాంలో వాళ్లు బస్సునే రైలులా నడపడం మొదలుపెట్టారు.

వాళ్ల పద్ధతిలో నాకు బాగా నచ్చేది రోడ్ల అమరిక. నడిమి వీధిలో బస్సుకు ప్రత్యేక దారి, దాని రెండు వైపులా కొట్లకూ ఇళ్లకూ పోయే నెమ్మది రోడ్లు. ఒక వీధి అవతల అటొకటి ఇటొకటి వన్‌వే రోడ్లు, వేగంగా పోయే కార్లకు. బస్సునూ కారునూ ఒకే రోడ్డు మీద కొట్లాడనివ్వకుండా చెరొక వీధి ఇచ్చారు. పక్కపక్కనే సమాంతరంగా పోయే వీధులు ఉన్న ఏ ఊరైనా దీన్ని ఆలోచించవచ్చు. 1991లో గాజు గొట్టాల్లాంటి స్టాపులు తెచ్చారు. టికెట్ డబ్బు లోపలికి వచ్చేటప్పుడే కట్టేస్తారు, బస్సు వచ్చాక మెట్లు లేకుండా నేరుగా అడుగు పెడతారు. దాంతో బస్సు స్టాపులో ఆగే టైము బాగా తగ్గింది.

మన దేశంలో అహ్మదాబాద్ 2009లో జనమార్గ్ పేరుతో బస్సులకు ప్రత్యేక దారి మొదలుపెట్టింది. కర్ణాటకలో హుబ్బళ్లి, ధార్వాడ్ జంట ఊళ్ల మధ్య సుమారు 22 కిలోమీటర్ల ప్రత్యేక దారిలో 2018 నుంచి చిగరి బస్సులు నడుస్తున్నాయి. అక్కడ లేన్ బయట మిగిలిన రోడ్డు ఇరుకైపోయిందన్న ఫిర్యాదులూ ఉన్నాయి, అది కూడా తెలుసుకోవాలి. తిరుపతి, రేణిగుంట మధ్య అలాంటి దారి అనుకునే ముందు మనవాళ్లు ఒకసారి హుబ్బళ్లి పోయి రెండు రోజులు బస్సుల్లో తిరిగి రావడం మంచిది.

రోడ్లు వెడల్పు చేస్తే చాలదా?

కొన్ని చోట్ల వెడల్పు చేయాల్సిందే. డ్రైనేజీ లేని చోట, స్కూలు పిల్లలు లారీల పక్కన నడిచే చోట, మలుపు కనబడని చోట తప్పదు. కానీ వెడల్పు ఒక్కటే మందు అనుకుంటే ఏమవుతుందో అమెరికాలోని హ్యూస్టన్ చూపించింది. కేటీ ఫ్రీవేను 2008 నాటికి, సర్వీసు రోడ్లతో కలిపి కొన్ని చోట్ల 26 లేన్లు చేశారు. కొన్నేళ్లకే రద్దీ వేళల్లో ప్రయాణానికి పట్టే సమయం మళ్లీ పెరిగింది. రోడ్డు ఖాళీగా ఉందని తెలిసి, అంతకు ముందు బస్సెక్కినవాళ్లు, వేరే దారిన పోయినవాళ్లు, ప్రయాణం మానుకున్నవాళ్లు అందరూ ఆ రోడ్డెక్కారు. ఆ రోడ్డును నమ్ముకుని దూరంగా కొత్త కాలనీలూ లేచాయి.

దీని వెనక ఇంకో సంగతి ఉంది. రద్దీగా ఉండే ఊళ్లో కారు వేగాన్ని చివరికి తేల్చేది బస్సు, రైలు ఎంత త్వరగా చేర్చుతాయన్నదే. బస్సులో ముప్పై నిమిషాల్లో ఇంటికి చేరగలిగితే, కారులో నలభై నిమిషాలు పడుతున్నవాళ్లలో కొందరు బస్సుకు మారతారు, ఆ మేరకు రోడ్డు తేలికవుతుంది. బస్సుకు గంట పడితే, కారులో యాభై నిమిషాలు పట్టినా జనం కారులోనే ఉంటారు. అంటే కారు నడిపేవాడు కూడా బస్సు బాగుపడాలని కోరుకోవాలి. ఈ ఒక్క మాట మన ఊళ్లో అందరికీ చేరితే సగం వాదనలు ఆగిపోతాయి.

అయితే శ్రీనివాస సేతు అనవసరమా?

అనవసరం కాదు. కపిలతీర్థం వైపు నుంచి తిరుచానూరు రోడ్డు వైపు సుమారు ఏడు కిలోమీటర్ల ఈ ఫ్లైఓవర్ 2023లో పూర్తయ్యాక, ఊరితో పనిలేకుండా దాటిపోయే బండ్లు పైనుంచి పోతున్నాయి. కొండకు పోయే కార్లూ, బస్టాండు దగ్గర ఆటో ఎక్కే తల్లీ బిడ్డా ఒకే సర్కిల్‌లో ఇరుక్కోవాల్సిన అవసరం తగ్గింది. అది మంచిదే.

మిగిలిన పని కింద ఉంది. పైకి వెళ్లిన బండ్ల వల్ల కింద దొరికిన చోటును ఎవరికి ఇచ్చాం? పార్కింగ్‌కూ తోపుడు బండ్లకూ వదిలేస్తే ఆ ప్రయోజనం కొన్నేళ్లలో కరిగిపోతుంది. పిల్లర్ల పక్కన బస్సులకు నీడ ఉన్న స్టాపులు, నిరాటంకంగా నడవగలిగే ఫుట్‌పాత్, రోడ్డు దాటడానికి పాదచారుల సిగ్నల్ పెడితే ఫ్లైఓవర్‌కు పెట్టిన ప్రతి రూపాయికీ రెండింతలు ఫలితం వస్తుంది.

తిరుపతికి మెట్రో వస్తే బాగుంటుంది కదా?

పిల్లర్ల మీద నడిచే మెట్రోకు కిలోమీటరుకు రెండు వందల కోట్లకు పైనే అవుతుంది. అంత ఖర్చు న్యాయం కావాలంటే ఒకే దారిలో గంటకు వేలల్లో జనం రోజంతా పోవాలి. మన ఊరికి ఆ స్థాయి ఇంకా రాలేదు. ఒక్క కిలోమీటరు మెట్రో డబ్బుతో ఊరంతా సరిపడా బస్సులు కొని, స్టాపులు కట్టి, సిగ్నళ్లు మార్చవచ్చు. ముందు అది చేద్దాం.

మన సిటీ బస్సులు ఎందుకు పెద్దగా నిండవు? బస్సులు పెంచితే ఎక్కేవాళ్లు ఉంటారా?

ఈ ప్రశ్నకు జవాబు మన ఊళ్లోనే ఉంది. తిరుమలకు పోయే బస్సు ఎక్కడానికి ఎవరైనా టైంటేబుల్ చూస్తారా? బస్టాండుకో అలిపిరి దగ్గర లింక్ బస్టాండుకో పోతారు, నిలబడి ఉన్న బస్సెక్కుతారు, అది నిండగానే కదులుతుంది, వెనకాలే ఇంకోటి వచ్చి నిలబడుతుంది. కోటీశ్వరుడూ కూలీమనిషీ పక్కపక్కన కూర్చుని పోతారు. బస్సంటే చిన్నచూపు అన్న మాట అక్కడ వినబడదు. ఆ నమ్మకం కొండ బస్సుకు ఉంది, ఊరి బస్సుకు లేదు. మంగళం నుంచి రుయా ఆసుపత్రికి పోవాల్సిన పెద్దావిడకు బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఆమె షేర్ ఆటో చూసుకుంటుంది.

బస్సు అరగంటకొకటి వస్తే సగటున పదిహేను నిమిషాలు నిలబడాలి. ఎనిమిది నిమిషాలకొకటి వస్తే సగటున నాలుగు నిమిషాలు. పది నిమిషాల లోపు వచ్చే రూటులో జనం టైము చూసుకోవడం మానేస్తారు, నేరుగా స్టాపుకు పోతారు. చాలా ఊళ్ల అనుభవం ఇదే. కాబట్టి ముప్పై రూట్లలో గంటకొక బస్సు తిప్పడం కన్నా, నాలుగైదు రూట్లలో ఎనిమిది పది నిమిషాలకొకటి తిప్పి చూపించడం నయం. రేణిగుంట, రైల్వే స్టేషన్, అలిపిరి ఒకటి. తిరుచానూరు, బస్టాండు, బాలాజీ కాలనీ, ఎస్వీ యూనివర్సిటీ ఒకటి. చంద్రగిరి నుంచి ఊళ్లోకి ఒకటి. ఇలా మొదలుపెట్టవచ్చు.

దానికి ఎన్ని బస్సులు కావాలి?

లెక్క కష్టం కాదు. ఒక బస్సు పోయి, తిరిగి వచ్చి, డ్రైవరు టీ తాగి మళ్లీ బయలుదేరడానికి 80 నిమిషాలు పడుతుందనుకుందాం. పది నిమిషాలకొక బస్సు కావాలంటే 80ని పదితో భాగించండి, ఎనిమిది బస్సులు కావాలి. ఇప్పుడు సిగ్నళ్లు సరిచేసి, అడ్డంగా నిలిపిన బండ్లు తీయించి, ఆ 80ని 60 నిమిషాలకు తెచ్చామనుకోండి. అవే ఎనిమిది బస్సులతో ఏడున్నర నిమిషాలకొక ట్రిప్పు వస్తుంది. కొత్త బస్సు ఒక్కటి కొనలేదు, కొత్త డ్రైవరును ఒక్కరిని తీసుకోలేదు. జ్యూరిక్ 1977లో ఖర్చు పెట్టింది ఈ ఇరవై నిమిషాల కోసమే. బస్సులు కొనమని అడగడం ఎంత ముఖ్యమో, ఉన్న బస్సును కదలనివ్వమని అడగడం అంతకన్నా ముఖ్యం.

మన రోడ్లు ఇరుకు. బస్సు లేన్ ఎక్కడ పెడతారు?

అన్ని చోట్లా పెట్టలేం, పెట్టక్కర్లేదు. ఢిల్లీలో 2008లో అంబేడ్కర్ నగర్, మూల్‌చంద్ మధ్య ఆరు కిలోమీటర్లకు కాస్త తక్కువగా బస్సు కారిడార్ వేశారు. కూడళ్ల దగ్గర సిగ్నల్ కోసం ఆగే సమయం బాగా పెరిగింది, లేన్‌లోకి మిగతా బండ్లు దూరాయి, వాహనదారులు గొడవ చేశారు, 2016లో తీసేశారు. లేన్ గీయడం సులువు, దాన్ని కాపాడటం, కూడలిని సరిగ్గా తీర్చడం కష్టం. మనం ఆ కష్టం తెలుసుకుని దిగాలి.

ఎయిర్ బైపాస్ రోడ్డు, రేణిగుంట రోడ్డు లాంటి వెడల్పైన చోట్ల రద్దీ వేళల్లో మాత్రమే లేన్ ఇచ్చి చూడవచ్చు. ఇరుకు చోట్ల చిన్న పనులు చాలా ఉన్నాయి. స్టాపును సర్కిల్‌కు ముందు కాకుండా దాటాక పెట్టాలి. అప్పుడు బస్సు పచ్చ లైటులో దాటేసి ఆగుతుంది, ఎడమకు తిరిగే బండ్లకు అడ్డం రాదు. సర్కిల్‌కు ముందు వంద మీటర్లు మాత్రం బస్సుకు దారి వదిలితే క్యూ దాటి ముందుకు పోతుంది. రోడ్డు పక్కకు తొలిచిన బస్‌బే చూడటానికి బాగుంటుంది గానీ, ట్రాఫిక్ ఎక్కువున్న చోట బస్సు అందులో నుంచి మళ్లీ బయటికి రావడానికి తంటాలు పడుతుంది. అలాంటి చోట ఫుట్‌పాత్‌నే కొంచెం ముందుకు తెచ్చి బస్సును లేన్‌లోనే ఆపడం మేలు. అప్పుడు జనం కూడా రోడ్డు మధ్యకు పరుగెత్తరు.

షేర్ ఆటోలను తీసేయాలా?

వద్దు. బస్సు ఇవ్వలేని సేవను ఇన్నేళ్లుగా ఇస్తున్నది వాళ్లే, ఎన్నో ఇళ్లు దాని మీద బతుకుతున్నాయి. సియోల్‌లో ఆకుపచ్చ బస్సులు చేసే పని మన ఊళ్లో ఆటోలు చేయగలవు. కొర్లగుంట, బైరాగిపట్టెడ లోపలి వీధుల నుంచి జనాన్ని మెయిన్ రోడ్డు స్టాపు దాకా తేవాలి, అక్కడి నుంచి బస్సు తీసుకుపోవాలి. ఆటోలకు స్టాపు పక్కనే గీత గీసిన స్టాండు ఇవ్వాలి, బస్సు ముందు అడ్డంగా ఆపే పద్ధతి ఆగాలి. యూనియన్లతో ముందే కూర్చుని మాట్లాడకుండా చేస్తే ఏదీ నిలవదు.

మహిళలకు బస్సు ఉచితం అయింది. ఇక సమస్య తీరినట్టేనా?

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం చాలామంది అమ్మలకూ అక్కలకూ చేతిలో డబ్బు మిగిల్చింది. పనికి పోయే ఆడవాళ్లకు అది చిన్న సంగతి కాదు. దాన్ని గట్టిగా సమర్థిస్తాను. కానీ టికెట్ లేకపోవడం, బస్సు రావడం రెండూ వేరు. ఎస్టోనియా రాజధాని టాలిన్ 2013లో ఊరి జనానికి ప్రయాణం ఉచితం చేసింది. బస్సులు ఎక్కేవాళ్లు పెరిగారు, కానీ ఎక్కువగా తగ్గింది నడక. కార్ల రద్దీ ఆశించినంత తగ్గలేదు. వియన్నా 2012లో ఏడాది పాస్‌ను 449 యూరోల నుంచి 365కు తగ్గించింది, అంటే రోజుకు ఒక యూరో. దానితో పాటే పార్కింగ్ ఫీజు వేసే ప్రాంతాలను పెంచుకుంటూ పోయి, 2022 నాటికి దాదాపు ఊరంతటికీ తెచ్చింది. బస్సు చవకైంది, కారు నిలపడం ఖరీదైంది, సర్వీసులు పెరిగాయి. మూడూ కలిసి నడిచాయి కాబట్టే అక్కడ ఫలితం కనబడింది.

పార్కింగ్‌కూ దీనికీ ఏమిటి సంబంధం?

చాలా ఉంది. రోడ్డు పక్కన నిలిపిన ఒక్క కారు ఒక లేన్‌ను మూసేస్తుంది. లీలామహల్ సర్కిల్ దగ్గర పది అడుగులు కోల్పోతే దాని ప్రభావం వెనక కిలోమీటరు దాకా ఉంటుంది. జపాన్‌లో 1962 చట్టం ప్రకారం కారు కొనేవాళ్లు దాన్ని నిలపడానికి రోడ్డు బయట చోటు ఉందని పోలీసుల నుంచి సర్టిఫికెట్ తేవాలి. టోక్యో చిన్న వీధులు అంత శుభ్రంగా, నడవడానికి వీలుగా ఉండటానికి ఇది పెద్ద కారణం. జ్యూరిక్ 1996లో ఊరి మధ్య పార్కింగ్ స్థలాలు 1990 నాటి సంఖ్యకు మించకూడదని ఒప్పందం చేసుకుంది. భూమి కింద కొత్తగా కడితే పైన అన్నే తీసేయాలన్నది ఆ ఒప్పందం. ఖాళీ అయిన చోటు నడిచేవాళ్లకు పోయింది.

మన దగ్గర కొత్త కాంప్లెక్సు ప్లానులో సెల్లార్ పార్కింగ్ చూపించి, కట్టాక అందులో కొట్లు పెడుతున్న చోట్లు ఉన్నాయి. కొత్త నియమం అక్కర్లేదు, ఉన్నదాన్ని అమలు చేస్తే చాలు.

ఊళ్లోకి వచ్చే కార్ల దగ్గర డబ్బు వసూలు చేయడం న్యాయమా?

సింగపూర్ 1975 నుంచే ఊరి మధ్యలోకి వచ్చే కార్ల దగ్గర రుసుము తీసుకుంటోంది, 1998లో దాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతికి మార్చింది. 1990 నుంచి అక్కడ కారు కొనడానికే వేలంలో పర్మిట్ గెలుచుకోవాలి. 1987లో మొదలైన ఎంఆర్‌టీ రైలు, బస్సులు బాగా నడుస్తున్నాయి కాబట్టి జనం భరిస్తున్నారు, ఎక్స్‌ప్రెస్‌వేలూ కదులుతున్నాయి. స్టాక్‌హోమ్ 2006లో ఏడు నెలలు ప్రయోగంగా రుసుము పెట్టింది. ట్రాఫిక్ సుమారు 20 శాతం తగ్గింది. మొదట వ్యతిరేకించిన జనమే ఫలితం చూశాక ఓటు వేసి ఉంచుకున్నారు, 2007లో అది శాశ్వతమైంది. గమనించాల్సింది ఏమిటంటే, రుసుము మొదలు కావడానికి నెలల ముందే, 2005 ఆగస్టులోనే, వాళ్లు కొత్త బస్సులు తిప్పారు.

తిరుపతిలో ఇప్పుడే ఇది పెట్టడం అన్యాయం అవుతుంది. ఇంకో దారి చూపించకుండా డబ్బు అడగకూడదు. బస్సు వచ్చాక మాట్లాడుకోవచ్చు.

యాత్రికుల బండ్ల సంగతి ఏమిటి? ఊరి జనం తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ కదా?

మన సమస్యలో ముఖ్యమైనది ఇదే. కొండకు మామూలు రోజుల్లోనే అరవై డెబ్బై వేల మంది వస్తారు, సెలవుల్లో ఇంకా ఎక్కువ. తిరుమల ఘాట్ రోడ్ల ఏర్పాటులోనే గొప్ప ఆలోచన ఉంది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు, 1970ల్లో రెండోది వచ్చింది. ఇప్పుడు పాతది దిగడానికి, కొత్తది ఎక్కడానికి. వేగంగా పోనివ్వకుండా ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు అని నియమం. రోడ్డు ఇంజనీరింగ్, క్రమశిక్షణ, బస్సు మూడూ కలిస్తే ఎలా ఉంటుందో ఇంతకన్నా మంచి ఉదాహరణ మన రాష్ట్రంలో లేదు.

బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు గుర్తు చేసుకోండి. ఘాట్ రోడ్డు మీద బైకులు ఆపేస్తారు. బయటి బండ్లను కింద పార్కింగ్ స్థలాల్లో నిలబెడతారు. ఆర్టీసీ అదనపు బస్సులతో లక్షల మందిని ఎక్కించి దించుతుంది. అంటే కారు కింద, మనిషి బస్సులో అనే పద్ధతి మనకు చేతకానిది కాదు. ఏటా చేసి చూపిస్తున్నాం.

స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ అనే కొండ ఊరికి పెట్రోలు కార్లను రానివ్వరు. ఐదు కిలోమీటర్ల కింద టేష్ దగ్గర కారు పెట్టి రైలెక్కాలి. ఏడాదికి ఎన్ని లక్షల మంది పర్యాటకులు వచ్చినా ఆ ఊరు ప్రశాంతంగా ఉంటుంది. ఇంకా దగ్గరగా శబరిమల ఉంది. 2018 వరదల్లో పంప దెబ్బతిన్నాక నీలక్కల్‌ను బేస్ క్యాంపు చేశారు, అక్కడ బండ్లు ఆపి కేరళ ఆర్టీసీ చైన్ సర్వీసు బస్సుల్లో పంపకు పోయే ఏర్పాటు వచ్చింది.

మనం కూడా చెన్నై వైపు, కడప వైపు, బెంగళూరు వైపు, నెల్లూరు వైపు ఊరి బయట ఒక్కొక్క చోట నీడ, మరుగుదొడ్లు, లగేజీ గది ఉన్న పార్కింగ్ పెట్టి, అక్కడి నుంచే నేరుగా కొండకు బస్సు నడపవచ్చు. పెద్దవాళ్లు, నడవలేనివాళ్లు, చంటిబిడ్డల తల్లులు సొంత బండిలో పోవడానికి మినహాయింపు ఉండాలి. మొదట శని, ఆదివారాలు, పండగ రోజులు. అలవాటయ్యాక మిగిలిన రోజులు. యాత్రికుడికి ఘాట్ రోడ్డు డ్రైవింగ్ టెన్షన్ తప్పుతుంది, ఊరి జనానికి ఊరు మిగులుతుంది.

ఎలక్ట్రిక్ బస్సులు వస్తే ట్రాఫిక్ తగ్గుతుందా?

ట్రాఫిక్ తగ్గదు, పొగ తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది. 2022లో తిరుపతికి ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి, ఘాట్ రోడ్డు మీద కూడా నడుస్తున్నాయి. కొండ దిగేటప్పుడు బ్రేకుతో బ్యాటరీ కొంత తిరిగి చార్జ్ అవుతుంది కాబట్టి ఘాట్ రోడ్లకు ఇవి బాగా సరిపోతాయి. జామ్‌లో ఇరుక్కున్న ఎలక్ట్రిక్ బస్సు కూడా జామ్‌లో ఇరుక్కున్నదే.

రైలును ఊరి ప్రయాణానికి వాడుకోవచ్చా?

రేణిగుంట, తిరుచానూరు, తిరుపతి, చంద్రగిరి, పాకాల, చిత్తూరు, కాట్పాడి. ఈ పేర్లన్నీ ఒకే పట్టాల వరుసలో ఉన్నాయి. తిరుపతి, కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల సింగిల్ లైనును డబ్లింగ్ చేయడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదం ఇచ్చింది. రెండో లైను వచ్చాక రేణిగుంట నుంచి పాకాల దాకా ఉదయం, సాయంత్రం అరగంటకొక చిన్న లోకల్ రైలు నడపమని ఇప్పటి నుంచే అడగాలి. పట్టాలు పడ్డాక అడిగితే ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ ఆ ఖాళీని నింపేసి ఉంటాయి.

ఇవన్నీ చిత్తూరుకూ వర్తిస్తాయా?

కొన్ని. చిత్తూరులో యాత్రికుల రద్దీ లేదు, కానీ హైరోడ్డులో ఇరుకు ఉంది, వేలూరు, బెంగళూరు, తిరుపతి వైపు పోయే బస్సుల రాకపోకలు ఉన్నాయి. ఆ ఊరికి లేన్లు, కారిడార్లు అక్కర్లేదు. పార్కింగ్ క్రమం, ఫుట్‌పాత్‌లు, కలెక్టరేట్, ఆసుపత్రి, బస్టాండు, రైల్వే స్టేషన్‌లను కలుపుతూ పది నిమిషాలకొకటి తిరిగే చిన్న బస్సు, ఇవి చాలు.

బస్సెక్కేవాళ్ల కోసం ముందు ఏది బాగుచేయాలి?

ఫుట్‌పాత్. బస్సు ప్రయాణం ఇంటి గడప దగ్గర నడకతో మొదలవుతుంది. మే నెల తిరుపతి ఎండలో నీడ లేని స్టాపు దాకా డ్రైనేజీ బండల మీద ఎగురుతూ పోవాలంటే, బస్సు ఎంత బాగున్నా బైకు తీస్తారు. సింగపూర్ రైలు స్టేషన్ల నుంచి దగ్గరి స్కూళ్లకూ ఆసుపత్రులకూ పైకప్పు ఉన్న నడక దారులు కట్టింది, వాన, ఎండ తగలకుండా. మనం కనీసం చెట్లు నాటవచ్చు, స్విమ్స్, రుయా, ఎస్వీ యూనివర్సిటీ చుట్టూ కొంత మేర పైకప్పు వేయవచ్చు.

ఎవరిని అడగాలి? ఎవరి పని ఇది?

ఇక్కడే అసలు చిక్కు. ఊరి వీధులు కార్పొరేషన్‌వి. లేఅవుట్లు, కొత్త రోడ్ల ప్లాను తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) చూస్తుంది. బస్సులు ఆర్టీసీవి. సిగ్నళ్ల దగ్గర ట్రాఫిక్ పోలీసులు. కొండ, ఘాట్ రోడ్లు, అలిపిరి టీటీడీవి. జాతీయ రహదారులు కేంద్రం పరిధిలో ఉంటాయి, పట్టాలు రైల్వేవి. ఏ ఒక్కరూ మొత్తం ప్రయాణానికి బాధ్యులు కారు.

జర్మనీలోని హాంబర్గ్ 1965లోనే రైలు, బస్సు, పడవ సంస్థలన్నిటినీ ఒకే కూటమి కిందికి తెచ్చి, ఒకే టైంటేబుల్, ఒకే టికెట్ ఇచ్చింది. జ్యూరిక్‌లో ఆ పని జడ్‌వీవీ అనే రవాణా కూటమి చేస్తుంది. సింగపూర్‌లో రోడ్లు, రైలు, బస్సు, కార్ల పర్మిట్లు అన్నీ 1995లో ఏర్పడ్డ ఒకే రవాణా సంస్థ చేతిలో ఉన్నాయి. రోడ్డు వేసేవాడూ బస్సు నడిపేవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు.

మీరు అర్జీ ఇవ్వదలిస్తే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, ఎందుకంటే ఈ శాఖలన్నిటినీ ఒక గదిలోకి పిలవగలిగేది కలెక్టరే. ట్రాఫిక్ తగ్గించండి అని మాత్రమే రాయకండి. ఫలానా సర్కిల్‌లో బస్‌స్టాపును సిగ్నల్ దాటాక మార్చండి, ఫలానా రూటులో ఉదయం ఏడు నుంచి పది దాకా పది నిమిషాలకొక బస్సు వేయండి, ఫలానా కాంప్లెక్సు సెల్లార్ ఖాళీ చేయించండి అని చోటు, వేళ, శాఖ పేరుతో సహా రాయండి. ఫొటో జతచేయండి. రసీదు నంబరు దాచుకోండి, గడువు దాటితే ఆ నంబరుతోనే మళ్లీ వెళ్లి అడగండి. కాలనీ సంఘం తరఫున పది మంది సంతకాలతో ఇస్తే ఇంకా మంచిది.